64 పరుగుల తేడా

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. మాలో పెద్దది బీదర్‌లో పుట్టింది. చిన్నవాడు జోధ్‌పూర్‌లో పుట్టాడు. నాన్నది వాయుసేన ఉద్యోగం. మూడు నాలుగేళ్ళకోసారి సామాను పెట్టెల్లోకి ఎక్కుతుంది, మేము రైలెక్కుతాం. కాగితాల మీద మాది జనగామ దగ్గర ఒక పల్లె. అక్కడ తాత, నాయనమ్మ ఉంటారు. ఎండాకాలం సెలవుల్లో వెళ్ళి ఇరవై రోజులు ఉండి వస్తాం. పద్దెనిమిదో రోజుకి మా తెలుగు కాస్త దారిలో పడుతుంది. ఇంతలో తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఇదంతా విడమర్చి చెప్పనక్కర్లేదు.

కొత్త స్కూల్లో చేరిన మొదటి వారంలో ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "ఐపీఎల్‌లో నీ టీమ్ ఏది?" దీనికి మాత్రం మేము తడుముకోము. సన్‌రైజర్స్ హైదరాబాద్. ఊరి పేరు చెప్పడానికి తడబడే మాకు ఆ ఒక్క మాట చెప్పడం చాలా తేలిక. అందుకే ఆ జట్టు ఓడితే మాకు కొంచెం ఎక్కువే నొప్పి. 2023లో పది జట్లలో మనది పదో స్థానం. ఆ ఏడాది క్లాసులో ఐపీఎల్ మాట వస్తే మేము నీళ్ళ సీసా నింపుకునే నెపంతో బయటికి పోయేవాళ్ళం.

ఇప్పుడు చెప్పబోయేది ఆ మరుసటి ఏడాది సంగతి. 2024 మార్చి 27, బుధవారం. అప్పుడు మేము అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఉన్నాం.

తేజ్‌పూర్‌లో మార్చి నెలలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. హైదరాబాద్‌లో ఇంకా ఎండ ఉండగానే మా క్వార్టర్ల దగ్గర వీధి దీపాలు వెలుగుతాయి. రాత్రి ఏడున్నరకు మ్యాచ్ మొదలయ్యేసరికి మాకు సగం రాత్రి అయిపోయినట్టు ఉంటుంది. అయినా వార్షిక పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఆ సీజన్‌కి అమ్మ మాకు అనుమతి ఇచ్చింది. కానీ ఒక షరతు పెట్టింది.

"చూడండి, వద్దనను. కానీ స్కోరు మొత్తం తెలుగులో రాయాలె."

ఆ షరతుకు రెండు కారణాలు ఉన్నాయి. నాన్నకు ఆ వారమంతా నైట్ డ్యూటీ. డ్యూటీలోకి ఫోన్ తీసుకెళ్ళడానికి ఉండదు. పొద్దున ఇంటికి వచ్చి స్కోరు చదువుకుంటానని ఆయనే అడిగాడు. రెండో కారణం తాత. సంక్రాంతికి నాయనమ్మ పంపిన సకినాల డబ్బాలో తాత మాకొక ఉత్తరం పెట్టాడు. రెండు పేజీలు, గుండ్రటి అక్షరాలు. అందులో మేము సొంతంగా చదవగలిగింది మా పేర్లు మాత్రమే. మిగతాది అమ్మ చదివి వినిపించింది. చివర్లో తాత ఇలా రాశాడట: "మీకు చదవరాస్తే జవాబు రాయండి. అప్పటిదాక నేను ఎదురుచూస్త." జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. మేము జవాబు రాయలేదు. రాయడం రాక కాదు, తప్పులు చూసి తాత నవ్వుతాడని సిగ్గు.

అలా లెక్కల నోట్‌బుక్ వెనక మిగిలిన పేజీల్లో మా స్కోరు పుస్తకం మొదలైంది. ఎడమ పేజీ మీద "మనవాళ్ళు" అని, కుడి పేజీ మీద "వాళ్ళు" అని రాశాం. మొదటి మ్యాచ్ మార్చి 23న కోల్‌కతాతో. వాళ్ళు 208 కొడితే మనవాళ్ళు 204 దగ్గర ఆగిపోయారు. క్లాసెన్ 29 బంతుల్లో 63 కొట్టి గెలుపు అంచుదాకా తెచ్చి ఆఖరి ఓవర్లో ఔటయ్యాడు. నాలుగంటే నాలుగు పరుగులు. ఆ పేజీ చివర మాలో చిన్నవాడి కన్నీటి చుక్క పడి సిరా పాకింది. ఇప్పటికీ అలాగే ఉంది.

మా పై క్వార్టర్‌లో ఒక మరాఠీ కుటుంబం ఉండేది. వాళ్ళబ్బాయి మా పెద్దదానికంటే ఒక క్లాసు పైన. మేమిద్దరం అతన్ని "దాదా" అని, వాళ్ళమ్మను "కాకూ" అని పిలిచేవాళ్ళం. దాదాది ముంబై ఇండియన్స్. ముంబై కూడా తన మొదటి మ్యాచ్‌లో గుజరాత్ చేతిలో ఆరు పరుగులతో ఓడింది. అందుకే సోమవారం హోలీ ఆడుతున్నప్పుడు ఇద్దరం ఒకరినొకరం పెద్దగా వెక్కిరించుకోలేకపోయాం. కానీ రంగునీళ్ళు పోస్తూ దాదా ఒక మాట అన్నాడు.

"బుధవారం చూద్దాం. మీ జట్టులో మీ ఊరివాడు ఎవడున్నాడు చెప్పు? మీ హైదరాబాద్ పిల్లాడు మా దగ్గర ఉన్నాడు."

అతను అన్నది తిలక్ వర్మ గురించి. హైదరాబాద్‌లో పుట్టి, అక్కడే ఆట నేర్చి, రంజీలో హైదరాబాద్‌కే ఆడే తిలక్ ఐపీఎల్‌లో ముంబై నీలం రంగు వేసుకుంటాడు. మేము ఇంటికి వచ్చి ఆలోచించాం. మన కెప్టెన్ కమిన్స్, మన ట్రావిస్ హెడ్ ఇద్దరూ ఆస్ట్రేలియావాళ్ళు. క్లాసెన్, మార్‌క్రమ్ దక్షిణాఫ్రికావాళ్ళు. అభిషేక్ శర్మది పంజాబ్. అంతకు నాలుగు నెలల ముందే, నవంబర్ 19న, ప్రపంచకప్ ఫైనల్లో 137 పరుగులు కొట్టి మన దేశం చేతిలోంచి కప్పు లాక్కుపోయింది ఈ హెడ్డే. ఆ రోజు మేము అన్నం తినలేదు. అలాంటి మనిషిని "మనవాళ్ళు" పేజీలో రాయాలా? దాదా అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

ఆ వారంలోనే ఇంకో కబురు తెలిసింది. దాదా వాళ్ళ నాన్నకు పుణె పోస్టింగ్ వచ్చింది. స్కూల్లో టీసీ తీసుకుని వెళ్ళిపోతారు. కాకూ మెట్ల మీద అమ్మతో చెబుతుంటే విన్నాం. దాదా మాత్రం మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

బుధవారం రాత్రి ఉప్పల్ స్టేడియంలో టాస్ ముంబై గెలిచి మనకు బ్యాటింగ్ ఇచ్చింది. రోహిత్ శర్మకు అది ముంబై తరఫున 200వ మ్యాచ్. సచిన్ అతనికి 200 అంకె ఉన్న జెర్సీ ఇచ్చాడు. మాకు టీవీ ఉన్నా తెలుగు కామెంటరీ కోసం అమ్మ ఫోన్‌లో చూసేవాళ్ళం. ఇంట్లో అమ్మా నాన్నల గొంతు తప్ప వేరే తెలుగు గొంతు వినిపించేది ఆ సమయంలోనే.

హెడ్‌కు హైదరాబాద్ జెర్సీలో అదే మొదటి మ్యాచ్. పెద్దది అతని పేరు రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చుంది. అతను కొట్టడం మొదలుపెట్టాడు. 18 బంతుల్లో యాభై! హైదరాబాద్ తరఫున అంతవరకు అంత వేగంగా ఎవరూ కొట్టలేదని కామెంటరీలో చెప్పారు. అప్పుడు పెద్దది తలవంచి "హెడ్" అని రాసింది. 'డ' కింద ఇంకో 'డ' పెట్టాలా వద్దా అని అమ్మను అడిగింది కూడా. హెడ్ 24 బంతుల్లో 62 చేసి ఔటయ్యాడు. అతని రికార్డు మీద సిరా ఆరకముందే అభిషేక్ 16 బంతుల్లో యాభై కొట్టేశాడు. మేము రాసింది కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. పది ఓవర్లకు 148. నోట్‌బుక్ గళ్ళు సరిపోక పక్క ఖాళీలోకి రాస్తున్నాం.

అప్పుడు కరెంటు పోయింది.

అస్సాంలో బిహూకు ముందు వచ్చే గాలివానను అక్కడివాళ్ళు బొర్దొయిసిలా అంటారు. పెళ్ళయిన కూతురు పుట్టింటికి పరిగెత్తుకుంటూ వచ్చినట్టు వస్తుందట. ఆ రాత్రి మాకు ఆ కూతురి మీద చాలా కోపం వచ్చింది. ఫోన్‌లో చార్జింగ్ తొమ్మిది శాతం ఉంది. చీకట్లో మేము చేతులు పట్టుకుని నిలబడి ఉండగా పైనుంచి దాదా గొంతు వినిపించింది. "ఇన్వర్టర్ ఉంది. పైకి రండి!"

అమ్మ, మేము నోట్‌బుక్ పట్టుకుని పైకి వెళ్ళాం. అమ్మ దాచి ఉంచిన ఆఖరి సకినాలు డబ్బాలో తెచ్చింది. కాకూ చివ్డా పెట్టింది. ఫోన్ వాళ్ళ ప్లగ్గుకు పెట్టాం. వాళ్ళ టీవీలో హిందీ, మా ఫోన్‌లో తెలుగు. ఫోన్ కొన్ని సెకన్లు వెనక నడిచేది. అందువల్ల ప్రతి సిక్సూ మాకు రెండుసార్లు దొరికింది. మొదట హిందీలో కొట్టేవాడు క్లాసెన్, మేము గంతులేసి కూర్చునేలోపు తెలుగులో మళ్ళీ కొట్టేవాడు. దాదా పాపం ప్రతి దెబ్బా రెండుసార్లు తిన్నాడు.

ముంబై తరఫున ఆ రాత్రి మఫాకా అనే కొత్త బౌలర్ ఆడాడు. దక్షిణాఫ్రికా అబ్బాయి, వయసు పదిహేడు. ఆ ఏడాదే అండర్ 19 ప్రపంచకప్‌లో అందరికంటే మేటి ఆటగాడుగా నిలిచాడు. ఐపీఎల్‌లో అదే అతని మొదటి మ్యాచ్. నాలుగు ఓవర్లలో 66 పరుగులు ఇచ్చాడు. మొదట్లో మేము చప్పట్లు కొట్టాం. తర్వాత టీవీలో అతని మొహం దగ్గరగా చూపించినప్పుడు మాలో పెద్దది చప్పట్లు ఆపేసింది. ఎవరూ తెలియని చోట, కొత్త యూనిఫాంలో, అందరూ చూస్తుండగా మొదటి రోజు అన్నీ తప్పుగా పోవడం ఎలా ఉంటుందో మాకు తెలుసు. తేజ్‌పూర్‌లో మొదటి రోజు మేము తప్పు అసెంబ్లీ లైన్లో నిలబడ్డాం. ఆ రోజు మమ్మల్ని చెయ్యి పట్టి సరైన లైన్లోకి తెచ్చింది దాదానే.

2013లో బెంగళూరు చేసిన 263 అప్పటివరకు ఐపీఎల్‌లో అన్నిటికంటే పెద్ద స్కోరు. మనవాళ్ళు దాన్ని దాటి 277 దగ్గర ఆగారు. మూడే వికెట్లు పోయాయి. క్లాసెన్ 34 బంతుల్లో 80, మార్‌క్రమ్ 42, ఇద్దరూ నాటౌట్. పెద్దదానికి చెయ్యి నొప్పి పుట్టింది. నోట్‌బుక్ చిన్నవాడి చేతికి ఇచ్చింది. ఆ తర్వాతి గొడవంతా అక్కడే మొదలైంది.

278 ఎవరు కొడతారులే అనుకున్నాం. ముంబై అలా అనుకోలేదు. ఇషాన్ కిషన్ 13 బంతుల్లో 34, రోహిత్ 12 బంతుల్లో 26. వాళ్ళు ఔటైనా పరుగులు ఆగలేదు. సగం ఓవర్లు గడిచేసరికి ముంబై కూడా మనకు దాదాపు సమానంగా నడుస్తోంది. ఆడుతున్నది తిలక్ వర్మ. తన ఊరి మైదానంలో, వేరే ఊరి చొక్కా వేసుకుని సిక్సు మీద సిక్సు కొడుతున్నాడు. దాదా సోఫా మీద నిలబడ్డాడు. "మీ పిల్లాడు! చూడండి మీ పిల్లాడు!" అని అరుస్తున్నాడు.

మాకు ఏం చేయాలో తోచలేదు. అతను ఔట్ కావాలి. కానీ బంతి గాల్లోకి లేచినప్పుడల్లా లోపల ఏదో "పో, పో, దాటిపో" అంటోంది. అమ్మ అయితే దాచుకోలేదు. ఒక సిక్సుకు గట్టిగా చప్పట్లు కొట్టింది. మేము కోపంగా చూస్తే, "ఏందిరా? మన పిలగాడు మంచిగ ఆడుతుంటే సంతోషం కాదా?" అంది. కాకూ నవ్వి అమ్మ పళ్ళెంలో ఇంకొంచెం చివ్డా వేసింది.

చివరికి కమిన్స్ వేసిన బంతికి తిలక్ ఔటయ్యాడు. 34 బంతుల్లో 64. మేము ఎగిరాం, కానీ కాళ్ళు పూర్తిగా నేల విడవలేదు. అందరి బౌలింగూ చితికిపోయిన ఆ రాత్రి కమిన్స్ నాలుగు ఓవర్లలో 35 మాత్రమే ఇచ్చి రెండు వికెట్లు తీశాడు. ముంబై 246 దగ్గర ఆగింది. మనవాళ్ళు 31 పరుగులతో గెలిచారు. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సులు. ఒక టీ20 మ్యాచ్‌లో అంతవరకు ఎవరూ అన్ని చూడలేదు.

కరెంటు ఇంకా రాలేదు. దాదా కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి ఇద్దరి చేతులూ కలిపాడు. టార్చి పట్టుకుని మమ్మల్ని కింది దాకా దింపి, తలుపు దగ్గర నిలబడి, "ఏప్రిల్‌లో మేము వెళ్ళిపోతున్నాం" అన్నాడు. "తెలుసు" అన్నాం. అంతకంటే ఎవరికీ ఏమీ మాట్లాడబుద్ధి కాలేదు. పైకి ఎక్కుతున్న టార్చి వెలుగు మెట్ల మలుపులో కనబడకుండా పోయేదాకా నిలబడ్డాం.

పొద్దున నాన్న వచ్చాడు. "ఎవరూ చెప్పొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని నోట్‌బుక్ తెరిచాడు. పేపర్ చదివినట్టు వరసగా చదివాడు. ఒక్కో పేరు దగ్గర ఆగి మా మొహాలు చూశాడు. చివరికి వచ్చేసరికి కనుబొమలు ముడిచాడు.

"ఇదేంది? మనవాళ్ళు 341, వాళ్ళు 182 ఉంది. ఇంత ఘోరంగా ఓడించారా ముంబైని?"

మేము నోట్‌బుక్ లాక్కుని చూశాం. కూడికలో తప్పు లేదు. చిన్నవాడు తిలక్ వర్మ పేరును ఎడమ పేజీలో, క్లాసెన్, మార్‌క్రమ్‌ల కింద రాశాడు. అతని 64 పరుగులూ మన ఖాతాలోకి వచ్చి పడ్డాయి. "మన పిలగాడు అని అమ్మే అంది కదా" అన్నాడు వాడు. నాన్న ఎంతసేపు నవ్వాడంటే టీ చల్లారిపోయింది. పెద్దది కొట్టేయబోతే నాన్న పెన్ను తీసుకుని, "ఉండనియ్. పక్కన బాణం గుర్తు వేయి చాలు" అన్నాడు. ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి ఒక పొడుగాటి బాణం గీశాం.

ఆ రెండు పేజీలకూ నాన్న ఫొటో తీసి బాబాయి ఫోన్‌కు పంపాడు, తాతకు చూపించమని. మేము వద్దు వద్దన్నా వినలేదు.

సాయంత్రం తాత ఫోన్ చేశాడు. మామూలుగా ఫోన్ అంటే మేము "బాగున్నం తాతా, బాగున్నం" అని రెండు మాటలు చెప్పి అమ్మకు ఇచ్చేసేవాళ్ళం. ఆ రోజు తాత మమ్మల్ని వదల్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీలు మొదటి నుంచి గట్టిగా చదివి వినిపించాడు. మేము "కలాసెన్" అని రాశామని, 'క' కింద 'ల' వత్తు రావాలని చెప్పాడు. మయాంక్‌కు దీర్ఘం పెట్టడం మరిచారన్నాడు. మేము అనుకున్నట్టు నవ్వలేదు. చదవడం అయ్యాక కాసేపు ఆగి ఇలా అడిగాడు.

"బిడ్డా, గీ 64 కొట్టిన పిలగాడు మనోడేనా?"

"అవును తాతా. హైదరాబాద్."

"మరి బాణం గీసి అటుదిక్కు పంపిండ్రేంది?"

చిన్నవాడు వెంటనే జవాబు చెప్పాడు. "ట్రాన్స్‌ఫర్, తాతా."

అటువైపు కాసేపు మాట లేదు. ఆ తర్వాత తాత, "అట్లనా. ఎక్కడున్నా మంచిగ ఆడుతున్నడు, గది చాలు" అన్నాడు. ఆ పైన ఇంకో మాట అన్నాడు. "ఉత్తరానికి జవాబు ముట్టింది బిడ్డా."

ఆ రికార్డు ఎక్కువ రోజులు నిలవలేదు. ఏప్రిల్ 15న బెంగళూరులో మనవాళ్ళే 287 కొట్టి దాన్ని చెరిపేశారు. మే 26న చెన్నైలో ఫైనల్‌కు చేరి, 113కే ఆలౌటై కోల్‌కతా చేతిలో ఓడారు. అప్పటికి పై క్వార్టర్ తలుపుకు తాళం ఉంది. ఫైనల్ పేజీ కూడా మా పుస్తకంలో ఉంది. దాని మీద కన్నీటి చుక్క లేదు. మాకు అప్పటికి వత్తులన్నీ వచ్చేశాయి.

2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్ జరిగింది. పాకిస్తాన్ మీద తిలక్ వర్మ 69 పరుగులతో నాటౌట్‌గా నిలిచి ఇండియాను గెలిపించాడు. ఆ అర్ధరాత్రి పుణె నుంచి దాదా మెసేజ్ పెట్టాడు. ఈసారి "మీ పిల్లాడు" అని రాయలేదు. "అప్‌నా తిలక్" అని రాశాడు.

మేము ఇప్పుడు గ్వాలియర్‌లో ఉన్నాం. లెక్కల నోట్‌బుక్ మాతోనే వచ్చింది. ఈ పత్రిక తెలుగు విభాగానికి ఏమైనా రాయమని చెప్పినప్పుడు ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇదంతా రాశాం. అచ్చయ్యాక ఒక ప్రతి తాతకు పంపిస్తాం. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుతానని ఆయన ఇప్పుడే చెప్పాడు.